కరెంటు షాకు – కణంలోని చిన్న పంపు

ఖమ్మం, భద్రాచలం అడవి అంచు పల్లెల్లో చేలకు అడవి పందుల బెడద ఎంతటిదో మీకు తెలిసిందే. వాటి కోసం కొందరు రాత్రిపూట దొంగచాటుగా కరెంటు తీగలు అమరుస్తారు. ఆ తీగకు పందీ మనిషీ ఒకటే. 2024 ఫిబ్రవరిలో భూపాలపల్లి జిల్లా కాటారం ప్రాంతపు అడవిలో అలాంటి తీగ తగిలి ఒక గ్రేహౌండ్స్ కానిస్టేబుల్ మరణించారు. కరెంటు తగిలితే ప్రాణం ఎందుకు పోతుంది?

మన కణాల్లోనూ కరెంటు ఉంది

నరాల కణం పొరకు లోపలికీ బయటికీ మధ్య సుమారు 70 మిల్లీవోల్టుల తేడా ఉంటుంది. అంటే టార్చిలైటు బ్యాటరీలో దాదాపు ఇరవయ్యో వంతు. ఈ తేడా నిలవడానికి కణపొరలోని ఒక ఎంజైము పని చేస్తూ ఉండాలి. అదే సోడియం-పొటాషియం పంపు. విడతకు 3 సోడియం అయాన్లను బయటకు తోసి, 2 పొటాషియం అయాన్లను లోపలికి తెస్తుంది. పొర మీది వోల్టేజీ మారితే దీని వేగమూ మారుతుంది. 1957లో దీన్ని వెల్లడించిన డెన్మార్క్ శాస్త్రవేత్త జెన్స్ స్కౌకు 1997లో నోబెల్ బహుమతి లభించింది. ఈ పంపుకు ఇంధనం ఎటిపి. కండరాల్లో ఎటిపి ఉందని 1929లో చూపినవారిలో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు.

షాకు తగిలితే ఏమవుతుంది?

గుండె కణాల పొరల్లో వోల్టేజీని బట్టి తెరుచుకునే ద్వారాలు ఉంటాయి. అవి వరుసగా తెరుచుకుంటేనే గుండె సరిగా కొట్టుకుంటుంది. 230 వోల్టుల కరెంటు గుండె మీదుగా పోతే ఆ వరుస చెదురుతుంది. గుండె వణుకుతుందే గాని రక్తాన్ని తోయలేదు. రక్తం అందకపోతే మెదడుకు ప్రాణవాయువు ఉండదు, ఎటిపి అయిపోతుంది, పంపు ఆగుతుంది, కణాలు నీరు పట్టి ఉబ్బుతాయి. కొద్ది నిమిషాల్లోనే మెదడు దెబ్బతింటుంది. అందుకే ప్రతి నిమిషమూ విలువైనదే.

మీరు చేయవలసినవి

1. బాధితుణ్ణి ముట్టుకోవద్దు. ముందు మెయిన్ స్విచ్ ఆపండి.
2. ఇంటి కరెంటే అయి, స్విచ్ అందకపోతే, పొడి చోట నిలబడి పొడి కర్రతో తీగను తప్పించండి.
3. 11 కేవీ లైనైతే కర్ర కూడా కాపాడదు. అడవిలోని తీగ ఎక్కడిదో తెలియకపోతే దాన్నీ అలాగే భావించండి. దూరంగా ఉండి, కరెంటు ఆపించేందుకు 1912కు ఫోన్ చేయండి.
4. కరెంటు ఆగాక, మనిషి ఉలుకూ పలుకూ లేకుండా, శ్వాస ఆడకుండా ఉంటే, ఛాతీ మధ్యలో రెండు అరచేతులతో 5 సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కండి. మరొకరు 108కి ఫోన్ చేయాలి. సహాయం వచ్చేదాకా ఆపకండి.
5. నీళ్లు పోయడం, మట్టిలో పాతిపెట్టడం వంటివి చేసి సమయం పోగొట్టకండి.
6. తేరుకున్నా సరే, ఆసుపత్రిలో గుండె పరీక్ష చేయించండి.

కరెంటు తీగలతో వేట చట్టరీత్యా నేరం. మీ ఊళ్లో అలాంటి తీగ కనబడితే వెంటనే విద్యుత్ సిబ్బందికో, అటవీ సిబ్బందికో చెప్పండి. మీరు చెప్పే ఒక్క మాట ఒక నిండు ప్రాణాన్ని నిలబెట్టవచ్చు.