కాయితం మీది నడుము

తెనాలి

చి.ల.సౌ. స్రవంతికి ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు రెండూ చూశాను. కుట్టుమిషను కొనుక్కున్నావంటే సంతోషం, గొడుగు లంగా ప్యాటర్న్ కూడా తెచ్చుకున్నావంటే ఇంకా సంతోషం. కానీ ఆ రెండో ఫొటోలో ఉన్న మంగళగిరి బట్ట మీద మాత్రం కత్తెర పెట్టకు తల్లీ. ఫోనులో చెబితే సగం వింటావు, సగం వంటింట్లోకి పోతావు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ఆ బట్టకి నిజాం అంచు ఉంది. అంచు తిన్నగా పోతుంది, గొడుగు లంగా కింది చివరేమో గుండ్రం. ఆ ప్యాటర్న్ పెట్టి కోశావంటే జరీ కాస్తా పక్క కుట్టులోకి పోతుంది, మిగిలింది చెత్తబుట్టలోకి. ఆ అంచు చూసే కదా మీ అమ్మ అంత దూరం మోసుకొచ్చింది! దానికి మన కుచ్చుల లంగాయే తగును. మూడు మీటర్ల బట్ట తిన్నగా తీసుకుని, అంచు కిందికి వచ్చేలా పెట్టి, పైన పెద్ద కుట్టు రెండు వరుసలు వేసి, బాబిన్ దారాలు లాగి కుచ్చులు సర్దుకుంటే చాలు. ప్యాటర్న్‌తో పనే లేదు. ఆ లంగా సంగతి తర్వాత చూద్దాం.

గొడుగు లంగాకి సాదా కాటన్ కొను. చిన్న పువ్వులు చిందరవందరగా ఉన్నదైనా ఫరవాలేదు. నెమళ్ళూ ఏనుగులూ ఉన్నది వద్దు. ఒక పక్క నిలబడ్డ నెమలి ముందు వైపుకొచ్చేసరికి పడుకుంటుంది, రెండో పక్కకి వెళ్ళేసరికి తలకిందులవుతుంది. కొన్న బట్టని ముందు నీళ్ళలో ముంచి, ఆరేసి, ఇస్త్రీ చెయ్యి. కుట్టాక తడిపితే కుంచించుకుపోయేది నీ నడుమే.

ఇక ప్యాటర్న్ కాయితం సంగతి. మనూళ్ళో దర్జీకి ఆది జాకెట్టు ఇస్తాం చూడు, మీ దగ్గర దాని బదులు ఈ కాయితం. తేడా ఏమిటంటే ఆది జాకెట్టు నీ ఒంటిది, ఈ కాయితం ఎవరి ఒంటిదో. సైజులవారీగా కాయితాలు కత్తిరించి అమ్మడం 1863లో బటరిక్ అనే అమెరికా దర్జీ మొదలుపెట్టాడు. ఇంట్లో కుట్టుకునే ఆడవాళ్ళకి అది పెద్ద ఉపకారమే, కాదనను. అయినా అందులో ఉన్నది ఒక లెక్క ప్రకారం గీసిన నడుము. నువ్వు షాపులో కొనే స్కర్టు నంబరు చూసి కవరు మీద అదే నంబరు గీత పట్టుకోకు, రెండూ ఒకటి కావు. పెద్ద కంపెనీల ప్యాటర్న్‌లో 16 అంటే నడుము 30 అంగుళాలు. నంబరు వదిలెయ్, అంగుళాలు చూడు. నడుముకి దారం కట్టుకుని, అన్నం తిన్నాక, కూర్చుని కొలుచుకో. నిలబడి ఊపిరి బిగబట్టి కొలుచుకున్న నడుము పెళ్ళి ఫొటోకి పనికొస్తుంది, లంగాకి కాదు.

నీ నడుము 30 అనుకుందాం. దాన్ని 6.28తో భాగిస్తే నాలుగూ ముప్పావు అంగుళాలు వస్తుంది. గుండ్రం నడిమధ్య నుంచి అంత దూరంలో నడుము కుట్టు పడాలి. ప్యాటర్న్ గీత అక్కడికి రాకపోతే గీతనే మార్చు. అసలు ఆ పల్చటి కాయితాన్ని కొయ్యనే కొయ్యకు. పాత పేపరు మీద నకలు తీసుకుని దాన్ని కత్తిరించు. మేం డ్రాఫ్టింగు నేర్చుకున్నదంతా ఈనాడు పేపర్ల మీదే.

ఇక్కడ జాగ్రత్తగా విను, గొడుగు లంగా మొత్తానికి ప్రాణం ఇక్కడే ఉంది. నడుము గుండ్రం పావు అంగుళం ఎక్కువ కోస్తే నడుము ఒకటిన్నర అంగుళం పెరిగిపోతుంది. చిన్నదైతే మళ్ళీ కోసుకోవచ్చు, పెద్దదైతే చేసేదేం లేదు. పైగా ఇంకో చిక్కుంది. ఆ కంపెనీల ప్యాటర్న్‌లలో కుట్టుకని 5/8 అంగుళం మార్జిన్ వదులుతారు. అంటే కుట్టు నాలుగూ ముప్పావు మీద పడినా, కోత నాలుగుకి కాస్త పైన ఉంటుంది. ఆ కోసిన చివర చుట్టుకొలత నీ నడుముకంటే దాదాపు నాలుగు అంగుళాలు తక్కువ. పట్టీ వేయకముందే ఒంటికి పెట్టి చూసుకుని, ‘అయ్యో, బిగుతైపోయింది’ అని ఇంకాస్త కోసేవాళ్ళు ఎంతమందో! నువ్వు కొయ్యకు. కుట్టు గీత మీద టేపుని నిలువుగా నిలబెట్టి కొలువు, సరిపోతుంది. పట్టీ కుట్టేటప్పుడు మార్జిన్‌లో అక్కడక్కడా చిన్న గాట్లు పెడితే గుండ్రం తెరుచుకుంటుంది. అయితే కోసిన వెంటనే, ఇంకేమీ చేయకముందే, మార్జిన్ లోపల ఒక వరుస మిషను కుట్టు వేసేయ్. లేకపోతే చేతిలో పట్టుకున్నంతసేపూ నడుము సాగుతూనే ఉంటుంది.

బట్ట లెక్క చెబుతాను. పొడవు 27 అంగుళాలైతే, 44 పన్నా బట్టలో రెండు అరగుండ్రాలు ఒకదాని పక్కన ఒకటి వస్తాయి. ఒక్కోదానికి 65 అంగుళాల దాకా పడుతుంది. మీ దగ్గర గజాల్లో అమ్ముతారుగా, నాలుగు గజాలు తీసుకో. నడుము పట్టీ కూడా అందులోనే వస్తుంది. కాయితం మీద బాణం గుర్తు ఒకటి ఉంటుంది, అది పడుగు పోగు వెంట ఉండాలి. బట్ట మిగులుతుందని దాన్ని పక్కకి తిప్పావో, లంగా ఒక వైపుకి వేలాడుతుంది.

పక్క కుట్లు, ఎడమ పక్క జిప్పు, బక్రం వేసిన పట్టీ, హుక్కు, ఇవన్నీ ఆ కాయితంలో బొమ్మలు వేసి మరీ చెబుతారు. చూసి చేసెయ్. వాళ్ళ మాట అక్కడ వినొచ్చు.

పట్టీ కుట్టగానే కింద మడిచెయ్యాలని చేతులు దురదపెడతాయి. ఆగు. లంగాని పట్టీ దగ్గర క్లిప్పులతో హ్యాంగరుకి తగిలించి రెండు రాత్రులు వదిలెయ్. గుండ్రంగా కోసిన బట్ట కొన్నిచోట్ల నిలువు పోగు మీద, కొన్నిచోట్ల ఏటవాలుగా వేలాడుతుంది. ఏటవాలుగా ఉన్నచోట తన బరువుకి తనే సాగుతుంది. కింద నాలుగు మూలలు దిగినట్టు కనబడేది అందుకే. దిగేదంతా దిగనిచ్చి, తర్వాత లంగా కట్టుకుని నిలబడు. అల్లుణ్ణి స్కేలూ సుద్దముక్కా పట్టుకుని కింద కూర్చోమను. తిరగాల్సింది అతను, నువ్వు కాదు. నువ్వు తిరిగితే లంగా ఊగుతుంది, గీత వంకరపోతుంది. నేల నుంచి ఒకే ఎత్తులో చుట్టూ గుర్తులు పెట్టిస్తే, కిందికి దిగింది ఎక్కడో తెలిసిపోతుంది, కోసేయ్.

మడత పావు అంగుళం, దాని మీద ఇంకో పావు, అంతే. మన పరికిణీలకి పెట్టినట్టు వెడల్పుగా పెట్టాలని చూడకు. అంగుళం మడిస్తే చుట్టూ కలిపి పన్నెండు అంగుళాలకి పైగా బట్ట మిగిలిపోయి ముడతలు పడుతుంది. మడత పొడవు ఎంతంటావా? అయిదున్నర గజాలు, చీర ఫాలుకి రెట్టింపు! చేతి హెమ్మింగుకి ఓపికుంటే చెయ్యి, లేకపోతే మిషను మీదే లాగించు, ఎవరూ వంగి చూడరు.

కత్తెర పెట్టేముందు పేపరు మీద గీసిన నడుము గీతకి టేపు ఆనించి ఒక ఫొటో తీసి పంపు. నీకు రాత్రయితే నాకు పొద్దున్నే, చూసి వెంటనే చెబుతాను. అల్లుడికి ఆశీస్సులు. మీ అత్తగారికి నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
మీ పిన్ని