జారే తిండి, నిలిచే తిండి

సంక్రాంతి వస్తే కరీంనగర్ ఇండ్లల్లో డబ్బాల నిండా సకినాలు ఉంటాయి. బరువు తగ్గడానికి కడుపు ఆపరేషన్ చేయించుకున్న మనిషి మెత్తని కోడికూర నాలుగు తున్కలు తినేసరికి చెయ్యి కడుక్కుంటుంది. అదే మనిషి చాయ్‌తో పది సకినాలు తిన్నా కడుపు అడ్డుచెప్పదు. సకినం నోట్లో పిండై, చాయ్‌తో కలిసి చిన్న కడుపులో నిలవకుండా దిగిపోతుంది. తగ్గిన బరువు మళ్లీ పెరగడం చాలామందిలో ఇక్కడే మొదలవుతుంది.

"లక్షలు పోసి ఆపరేషన్ చేయించుకుంది, నోరు మాత్రం కట్టుకోలేదు" అనే మాటను నేను ఒప్పుకోను. స్వీడన్‌లో 1987లో మొదలై ఏళ్ల తరబడి సాగిన అధ్యయనంలో, కడుపు బైపాస్ చేయించుకున్నవాళ్లు మొదటి ఒకటి రెండేళ్లలో సగటున 32 శాతం బరువు తగ్గారు. పదేళ్లకు ఆ తగ్గుదల 25 శాతం దగ్గర నిలిచింది. అంటే కొంత తిరిగి రావడం మామూలే. బరువు తగ్గిన ఒళ్లు తక్కువ శక్తి ఖర్చు చేస్తుంది, ఆకలి కూడా మెల్లగా తిరిగొస్తుంది. ఇది తెలియక చాలామంది సిగ్గుపడి డాక్టర్ మొహం చూడటం మానేస్తారు. అసలు నష్టం అదే.

కాబట్టి మొదటి పని, బీరువాలోంచి డిశ్చార్జి కాగితం తీయండి. మీకు చేసింది స్లీవా, బైపాసా? స్లీవ్‌లో కడుపులో ముప్పావు వంతుకు పైగా తీసేస్తారు. బైపాస్‌లో కడుపును చిన్న సంచిలా చేసి పేగుకు కలుపుతారు. తర్వాత మూడు అంకెలు రాయండి. ఆపరేషన్ ముందు 112 కిలోలు, బాగా తగ్గినప్పుడు 74, ఇప్పుడు 86 అనుకుందాం. తగ్గింది 38, తిరిగి వచ్చింది 12, అంటే మూడో వంతుకు కాస్త తక్కువ. 26 కిలోలు ఇంకా మీ చేతిలోనే ఉన్నాయి. ఆ కాగితం పట్టుకుని ఆపరేషన్ చేసిన డాక్టర్‌కు ఫోన్ చేయండి. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ మూడు వందల కిలోమీటర్లు కదా అని వాయిదా వేయకండి. రక్తపరీక్షలు ఊళ్లోనే చేయించుకుని, రిపోర్టులతోనే వెళ్లొచ్చు.

రెండో పని, మూడు రోజులు ఏమీ మార్చకుండా నోట్లోకి పోయినదల్లా రాయడం. పిల్లలు మిగిల్చిన ఉప్మా, ఆఫీసులో మూడో చాయ్, చక్కెర వేసిన నిమ్మరసం, అన్నీ. గోదావరిఖనిలోనో బెల్లంపల్లిలోనో రాత్రి షిఫ్టు చేసేవాళ్లు గంటలతో సహా రాయాలి.

ముందు చెప్పిన రక్తపరీక్షల్లో థైరాయిడ్, హెచ్‌బీఏ1సీ, ఐరన్, బీ12, డీ విటమిన్, కాల్షియం ఉండాలి. స్టెరాయిడ్లు, ఇన్సులిన్, కొన్ని మానసిక వైద్యపు మందులు కూడా బరువు పెంచుతాయి. మీరు వాడే మందుల పట్టీ చూపించండి, అంతేగానీ మీ అంతట మీరు ఏదీ ఆపొద్దు. గుండెల్లో మంట, ముద్ద అడ్డుపడటం ఉంటే ఎండోస్కోపీ అవసరమా అని అడగండి.

ఇక కంచం దగ్గరికి వద్దాం. చాలామందికి డాక్టర్లు చెప్పే లెక్క రోజుకు 60 నుంచి 80 గ్రాముల ప్రోటీన్. పొద్దున రెండు గుడ్లు, 12 గ్రాములు. మధ్యాహ్నం ఉడికిన కోడిమాంసం 75 గ్రాములు, దాదాపు 20. సాయంత్రం నానబెట్టి వండిన మీల్ మేకర్, ఎండువి 20 గ్రాములు తీసుకుంటే 10. రాత్రి చేప ముక్కలు 75 గ్రాములు, 15 దాకా. చిన్న గిన్నె గడ్డపెరుగుతో అరవై దాటుతుంది. ముందు ఇవి, తర్వాత కూరగాయ, కడుపులో చోటుంటే సగం జొన్నరొట్టె. మెల్లగా నమిలి తినండి.

ఇక్కడే మనవాళ్లు పొరపడతారు. అంబలి, మక్క గట్క ఒంటికి మంచివే. కానీ పల్చగా జారే తిండి కాబట్టి గంటకే మళ్లీ ఆకలేస్తుంది. రొట్టెను పులుసులో నానబెట్టినా అంతే. వాటి బదులు బబ్బర్ల గుడాలు నమిలి తినండి, నిలుస్తాయి. ఉట్నూరు ఆదివాసీ మహిళలు చేసే ఇప్పపువ్వు లడ్డు నాకూ ఇష్టమే, అయితే అందులో బెల్లం ఉంటుంది. పండుగకు ఒకటి చాలు. కల్లయినా మందయినా, ముఖ్యంగా బైపాస్ తర్వాత, తొందరగా ఎక్కుతుంది. దూరం పెట్టడమే మేలు.

తిన్న అరగంట దాకా నీళ్లు తాగొద్దు, తింటూ అసలే వద్దు. మిగతా వేళల్లో గుక్కగుక్కగా లీటరున్నర నుంచి రెండు లీటర్లు తాగాలి. ఎండాకాలంలో చెరకురసం, కూల్‌డ్రింక్ బదులు పల్చని ఉప్పు చల్ల తాగండి.

మానేరు డ్యామ్ కట్ట మీద పొద్దున నడక మంచిదే, కానీ కండ నిలవాలంటే బరువులూ ఎత్తాలి. వారానికి రెండు మూడుసార్లు కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా లేచి కూర్చోవడం, రెండు లీటర్ల సీసాలు ఎత్తడంతో మొదలుపెట్టొచ్చు. మోకాళ్లు నొస్తే ఆర్‌ఎంపీ ఇచ్చే డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ గోలీలు వేసుకోకండి. బైపాస్ అయినవాళ్లకు వాటితో అతుకు దగ్గర పుండు పడొచ్చు. ఇంకొక మాట, ఇది ప్రాణానికి సంబంధించింది. వాంతులు రోజుల తరబడి ఆగక, కాళ్లు తిమ్మిరెక్కి, నడక తూలితే అదేరోజు పెద్దాసుపత్రికి వెళ్లండి. బీ1 విటమిన్ ఇంజెక్షన్ ఇవ్వకుండా గ్లూకోజ్ బాటిల్ ఎక్కించొద్దని ఇంట్లోవాళ్లకు ముందే చెప్పిపెట్టండి.

వారానికి ఒక్కసారి, ఒకే పూట బరువు చూసుకోండి. రెండు మూడు నెలలు ఇలా నడిచినా ముల్లు కదలకపోతే మందుల సంగతి అడగాలి. వారానికోసారి వేసుకునే టిర్జెపటైడ్ ఇంజెక్షన్ 2025 మార్చిలో మన దేశానికి వచ్చింది. అది మీకు తగునా అన్నది డాక్టర్ తేల్చాలి. కొందరికి స్లీవ్‌ను బైపాస్‌గా మార్చాల్సి వస్తుంది.

ఈలోగా దావత్ రానే వస్తుంది. "గింతేనా, ఇంకో రెండు తున్కలు ఏస్కో బిడ్డా" అని పెద్దమ్మ గరిటె పట్టుకుని నిలబడుతుంది. తున్కలు వేయించుకోండి, బగారా అన్నం వద్దనండి. "నాకు డాక్టర్ ముక్కలే తినుమన్నడు పెద్దమ్మా" అంటే ఆమె ఏరి మరీ మంచి తున్కలు వేస్తుంది.