మనసుకూ వైద్యం

కాలికి ముల్లు గుచ్చుకుంటే వెంటనే అమ్మకు చెబుతాం. జ్వరం వస్తే డాక్టరు దగ్గరికి వెళతాం. మరి మనసుకు జబ్బు చేస్తే? జబ్బు లేకపోవడమే ఆరోగ్యం కాదనీ, శరీరం, మనసు, సంఘజీవితం మూడూ బాగుండడమే ఆరోగ్యమనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 1948 నుంచి చెబుతూ ఉంది.

పూర్వం మనసుకు జబ్బు చేసినవారిని చూసి చాలామంది దయ్యం పట్టిందనుకొనేవారు. కొందరు భూతవైద్యుని దగ్గరికి తీసుకుపోయేవారు. మరికొందరు పరువు పోతుందని ఇంట్లోనే దాచేవారు. మానసిక వైద్యశాలలు పెద్ద నగరాలలోనే ఉండేవి. పల్లెలో కూలి చేసుకొనేవారు అంతదూరం వెళ్లాలంటే బస్సు ఖర్చులు కావాలి. పైగా కూలి డబ్బులు పోతాయి.

రోగి వైద్యుని దగ్గరికి రాలేనప్పుడు వైద్యమే రోగి దగ్గరికి వెళ్లాలి కదా! బెంగళూరులోని నిమ్‌హాన్స్ సంస్థ వైద్యులు ఈ పని సాధ్యమేనా అని పరిశోధించారు. 1985లో బళ్లారి జిల్లాను ఇందుకు ఎన్నుకున్నారు. కన్నడంతోపాటు తెలుగూ వినిపించే జిల్లా అది.

ప్రతి ఊరికీ ఒక మానసిక వైద్య నిపుణుణ్ణి పంపడం కుదరదు. కనుక ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకే శిక్షణ ఇచ్చారు. ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్తలకు మానసిక రోగాల, మూర్ఛల లక్షణాలను గుర్తించడం నేర్పారు. కావలసిన మందులను ఆ కేంద్రాలలోనే ఉంచారు. దగ్గరి ఆసుపత్రిలోనే చాలామందికి చికిత్స చేయవచ్చునని దీనివల్ల తేలింది. 1996లో ప్రారంభమైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి బళ్లారి నమూనా అయింది.

అయితే మందు ఒక్కటే చాలదు. "గుండె దడగా ఉంది", "అన్నం సయించడం లేదు" అని చెప్పేవారి మాట వెనుక అప్పుల బాధ ఉండవచ్చు. అయినవారిని పోగొట్టుకొన్న దుఃఖం ఉండవచ్చు. ఊరు విడిచి వచ్చిన ఒంటరితనం ఉండవచ్చు. అది తెలియాలంటే వారి భాషలో అడగాలి, ఓపికగా వినాలి. కోలుకొన్నవారికి పని కావాలి, తోడు కావాలి, గౌరవం కావాలి.

2015-16లో నిమ్‌హాన్స్ 12 రాష్ట్రాలలో సర్వే జరిపింది. పెద్దవారిలో సుమారు ప్రతి పదిమందిలో ఒకరికి మానసిక సమస్య ఉందని తెలిసింది. వారిలో ఎక్కువమందికి చికిత్స అందడం లేదనీ తెలిసింది. ఇందుకు సిగ్గు, భయం కూడా కారణాలే. మానసిక రోగులను గొలుసులతో కట్టడాన్ని 2017 నాటి చట్టం నిషేధించింది. 2022 నుంచి 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి సలహా పొందవచ్చు. తెలుగులోనూ మాట్లాడవచ్చు.

మనమేం చేయగలం? ఎవరినీ "పిచ్చివాడు" అని గేలిచేయకూడదు. మూర్ఛ వచ్చినవారి చేతిలో తాళాలు పెట్టడం వల్ల ప్రయోజనం లేదు. వారిని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, పెద్దలను పిలవాలి. దిగులుగా ఉన్న స్నేహితుని పక్కన కూర్చొని వినాలి. మన మనసు బాగా లేనప్పుడు, నమ్మకమైన పెద్దలకు దాచకుండా చెప్పాలి.

అభ్యాసం

అర్థాలు: సయించు = రుచించు; గేలిచేయు = ఎగతాళి చేయు; నమూనా = మాదిరి.

ప్రశ్నలు:
1. ఆరోగ్యం అంటే ఏమిటి?
2. బళ్లారిలో ఎవరెవరికి శిక్షణ ఇచ్చారు? ఎందుకు?
3. "మందు ఒక్కటే చాలదు." ఎందుకో మీ మాటలలో రాయండి.

సొంత వాక్యాలు రాయండి: ఓపికగా, గౌరవం, ఒంటరితనం.

చేయండి: బాధను తెలిపే మాటలను మీ ఇంట్లో, ఇరుగుపొరుగు ఇళ్లలో అడిగి, ఏ భాషలో ఎలా అంటారో పట్టికగా రాయండి.