మోళిగ మారయ్య యింటి అంబలి



కల్యాణ నగరమున కట్టెలు కొట్టి అమ్ముకొని జీవించిన మోళిగ మారయ్యగారి కథ మన యిండ్లలో పిల్లలకు సైతము తెలిసినదే. కాశ్మీర రాజ్యమును విడిచివచ్చి, భార్య మహాదేవమ్మతో గుడిసెలో కాపురముండి, కట్టెల వలన వచ్చిన సొమ్ముతోనే జంగమార్చన సాగించిన మహనీయుడాయన. ఆ యింట వడ్డించునది అంబలి. ఈ సంగతి విని బసవేశ్వరుడు మారువేషమున జంగమరూపుడై వారి యింటికి పోయి, అంబలి త్రాగి, ఎవరికిని తెలియకుండ రెండు మూటల బంగారు నాణెములు విడిచి వచ్చెను. మారయ్య ఆ మూటలను చూచి సంతోషింపలేదు. తన కాయకము వలన వచ్చినది కాదని జంగములను పిలిచి వారికే ఇచ్చివేసెను.

ఈ కథను మనము మారయ్యగారి నిరాశను పొగడుటకే చెప్పుకొందుము. నేడు దీనిని వేరొక వైపు నుండి చూతము. బసవేశ్వరుడు చేసిన పనిలో నిలిచినది ఏది, నిలువనిది ఏది? ఇట్లడుగుటయే అపచారమని కొందరు పెద్దలు కోపగింపవచ్చును. కాని కథలోనే మారయ్య నాణెములను ఉంచుకొనలేదు గదా! పిలువకమునుపే గడప తొక్కుట, ఆ యింటివారు పెట్టిన అంబలిని వారితోపాటు త్రాగుట నిలిచినవి. నోరు విప్పి అడుగక మూట పెట్టి వచ్చుట నిలువలేదు.

మన గంపలగూడెము, తిరువూరు ప్రాంతమున ఈ కథకు చోటెక్కడనగా, కౌలు రైతు యింట. పత్తి, మిరప వేయు కౌలుదారునకు పైరు పెరుగుటకు ముందే అప్పు పెరుగును. కౌలు మాట నోటిమాటయే గనుక బ్యాంకు అప్పు తరచుగా భూమిగల వాని పేరనే పోవును. కౌలుదారునకు మిగిలినది వడ్డీ వ్యాపారి, లేదా పురుగు మందుల దుకాణపు ఖాతా. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ అన్నచో లక్షకు సంవత్సరమునకు 36,000 రూపాయలు. ఒక యేడు కాయ రాలినను, ధర పడినను, ఆ లెక్క మరుసటి యేటి మీదికి ఎక్కును. 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టము 11 నెలల కాలమునకు సాగుపత్రము నిచ్చుటకు వీలు కల్పించినది. అయితే దానికి భూయజమాని సంతకము కావలసి వచ్చినది. ఆ సంతకము అడుగుటకు మొగమాటపడి, మరుసటి యేడు భూమి దక్కదేమోనని భయపడి, ఊరకుండిన వారెందరో!

ఇట్టి అప్పును ఇంటివారికి సైతము చెప్పరు. చెప్పకుండుటలోని అపాయము ఎంతవరకు పోవునో చూడుడు. అప్పుల బాధతో ప్రాణము తీసికొన్న రైతుల కుటుంబములకు సాయము నిచ్చుటకు 2004లో 421వ ప్రభుత్వ ఉత్తర్వు వచ్చినది. 2019లో ఆ సాయమును 7 లక్షల రూపాయలకు పెంచిరి. కాని దానికి రెవిన్యూ, పోలీసు, వ్యవసాయాధికారుల విచారణ కలదు. కాగితము లేని కౌలు, కాగితము లేని అప్పు ఆ విచారణలో ఎట్లు నిలుచును? బ్రతికియుండగా గౌరవము కొరకు దాచిన మాట, పోయిన పిదప ఆలుబిడ్డల నోటి కూటికి అడ్డమగును.

కనుక ఎదుటివారు చెప్పుకొనువరకు కాచుకొనియుండరాదు. గుర్తులు కంటి యెదుటనే యుండును. ప్రతి శివరాత్రికి ముందు వరుసలో నుండువాడు ఈసారి జ్వరమనును. ఇల్లాలి మెడలో పుస్తెల తాడు పోయి పసుపుతాడు వచ్చును. జంగమయ్య వచ్చుచున్నాడని తెలిసి తలుపు వేసికొందురు. భక్తి తగ్గి కాదు, పెట్టుటకు ఏమియు లేక. సాధారణముగా ఇల్లాండ్రు దీనిని మొదట కనిపెట్టుదురు. వారి మాట వినుటకు మన సంఘములలో చోటు లేకపోవుట పెద్ద లోపము.

ఒక్క మాట కటువుగా చెప్పవలసియున్నది. "కాయకము సరిగా చేసినచో అప్పులేల వచ్చును?" అని కొందరందురు. వాన కురియనిది, ధర పడినది ఎవరి కాయక లోపము? ఆయ్దక్కి మారయ్య ఒకనాడు అవసరమునకు మించి బియ్యమేరి తెచ్చినప్పుడు భార్య లక్కమ్మ తిరిగి పోసి రమ్మన్నది. ఆ మాట ఎక్కువ తెచ్చినవానికి చెప్పినది. తక్కువ పడినవానిని దెప్పుటకు ఆమె పేరు వాడరాదు.

ఇక సాయము చేయు తీరు. దాసోహమనగా ఇచ్చువాడు దాసుడగుట. మైకులో పేరు చదివి, శాలువ కప్పి, బియ్యపు మూటతో ఛాయాచిత్రము తీయించినచో అక్కడ దాసుడెవరు? బాకీని నలుగురి యెదుట పెట్టిన ఫలము మన రాష్ట్రము చూచియే యున్నది. గుంపుగా పూచీ యిచ్చిన స్త్రీలను వారము వారము గుమ్మములో నిలిచి వసూలు చేసిన సూక్ష్మరుణ సంస్థలను అదుపు చేయుటకు 2010 అక్టోబరులో ఆర్డినెన్సు తేవలసి వచ్చినది.

మఠములు, సంఘములు ఇట్లు చేయవచ్చును. ఇద్దరు మాత్రమే, అందొకరు స్త్రీ, ఆ యింటికి పోవలెను. వారు పెట్టిన మజ్జిగ త్రాగవలెను. తమ యింటి కష్టమొకటి ముందు చెప్పి, అప్పుడు "మీకెట్లున్నది?" అని అడుగవలెను. ఇవ్వదలచినది వడ్డీ లేని బదులుగా నిచ్చుట మేలు. తీర్చగలుగుట కూడ ఒక గౌరవము. కౌలు పత్రము కొరకు భూయజమాని యొద్దకు పెద్దమనిషి తోడుగా పోవుట వేయి రూపాయలకంటె మిన్న. మనిషి నిద్రమాని, తిండిమాని, బ్రతుకు మీద విరక్తి పలుకుచున్నచో ఒంటరిగా విడువరాదు. పురుగు మందు డబ్బాలు యింటినుండి తీసివేయించి, వైద్యుని యొద్దకు తోడుపోవలెను. 2022లో ప్రారంభమైన టెలీ మానస్ వారి 14416 సంఖ్యకు ఎప్పుడైనను ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చును. దానికి రుసుము లేదు.

గోప్యమన్న పేర లెక్కలు దాచరాదు. కోశాగారపు సొమ్ము జంగములకు పెట్టుచున్నాడని నింద వచ్చినప్పుడు బసవేశ్వరుడు బిజ్జలుని యెదుట సొమ్ము లెక్కపెట్టించెను. మనము కూడ ఎంత వచ్చినది, ఎంత పోయినది, ఎన్ని యిండ్లకు పోయినది సభలో చదువుదము. ఆ యిండ్ల పేర్లు మాత్రము పోయివచ్చిన ఇద్దరి యొద్దనే యుండనిండు.

వచ్చు శివరాత్రికి మీ యూరి సభలో ముందు వరుస చూడుడు. నిరుడు కూర్చుండి, ఈయేడు రానివారెవరు?