డీజిలు జనరేటరు: పొగ, చప్పుడు, నిబంధనలు

కరెంటు పోయినపుడు కోళ్ల షెడ్డుకు, బియ్యపు మిల్లుకు డీజిలు జనరేటరే దిక్కు. చక్రాల బండిపై నెక్కించి ఊరూరా త్రిప్పుటయు కలదు. కదిలే యంత్రమునకు నిబంధన లెక్కడివని కొందరు తలచుచున్నారు. బండిపై నున్నను, దిమ్మెపై నున్నను పొగ ఒకటే.

కొత్తది కొనునపుడు ముందుగా ఇంజనుపై గల పలకను చదువుడు. 800 కిలోవాట్ల వరకు గల జనరేటరు ఇంజనులకు కేంద్ర ప్రభుత్వము 2022 నవంబరులో కొత్త పొగ పరిమితులు ప్రకటించినది. అవి 2023 జూలై 1 నుండి అమలులోనికి వచ్చినవి. తయారీదారు తన ఇంజను నమూనాకు పరీక్ష చేయించి ధ్రువపత్రము పొందవలెను. దాని నకలు బిల్లుతోపాటు అడిగి తీసికొనుడు. పలక గీకివేసిన సెట్టు చౌకగా వచ్చినను వలదు.

చప్పుడు పెట్టెకు ఒక మీటరు దూరమున 75 డెసిబెళ్లు మించరాదు. పెట్టె తలుపులు తెరచి నడుపువారికి పెట్టె ఉండియు లేనట్లే.

పొగగొట్టము ఎత్తుకు చిన్న లెక్క కలదు. సెట్టు కె.వి.ఎ. సంఖ్యకు వర్గమూలము కట్టి, 0.2తో హెచ్చించుడు. వచ్చినన్ని మీటర్లు గొట్టము కట్టడమునకు పైన లేవవలెను. 25 కె.వి.ఎ.కు వర్గమూలము 5, హెచ్చించగా 1. షెడ్డు 4 మీటర్లయినచో గొట్టము నేలనుండి 5 మీటర్లు. 100 కె.వి.ఎ. సెట్టుకు 6 మీటర్లు. మిల్లు యజమానులు 1981 నాటి వాయు కాలుష్య చట్టము క్రింద రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి పెట్టు దరఖాస్తులో జనరేటరును కూడ చూపవలెను.

ఏ తనిఖీదారుడును చూడని చోటు బావి. నేలపై నుండి పంపు 7, 8 మీటర్లకు మించి నీటిని పీల్చలేదు. అందుచేత వేసవిలో నీరు దిగినకొలది ఆయిలింజనును బావిలోని గట్టుపైకి దింపుచుందురు. ఇది ప్రాణాంతకము. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. గాలి ఆడని బావిలో అది నిలిచిపోవును. రక్తము ప్రాణవాయువును వదలి దానినే పట్టుకొనును. మొదట తలనొప్పి, తరువాత కళ్లు తిరుగుట, ఆపై కాళ్లు పట్టు తప్పును. పడిన వానిని తీయబోయి రెండవవాడును దిగి పడిపోవును. ముక్కుకు తడిగుడ్డ కట్టుకొన్నను ఆ వాయువు ఆగదు. కనుక ఇంజనును పైననే ఉంచి, లోతు నీటికి విద్యుత్తు మోటారు పంపును దింపుడు. ఎవరైన పడిపోయినచో మరొకరిని దిగనీయక, 101కు, 108కు వెంటనే ఫోను చేయుడు. గ్రామాధికారులు ఈ సంగతిని వేసవికి ముందే దండోరా వేయింపవలెను.