చూడి ఆవుకి ఎండ తగిలితే

మా వీధి చివర ఒక పిన్ని ఉంది. ఆమెకు ఒక జెర్సీ ఆవు. పేరు గౌరి. పూటకు 4 లీటర్లు ఇచ్చేది. పాల కేంద్రం డబ్బులతోనే పిన్ని ఇల్లు గడిచేది.

ఒక ఏడు మే నెలలో గౌరి ఈనింది. నెలలు నిండలేదు. వారం ముందే ఈనేసింది. పెయ్యదూడ పుట్టింది. బక్కగా ఉంది. నిలబడలేకపోయింది. అది ముర్రుపాలు తాగేసరికి పొద్దు గుంకింది. అయిదో నాడు పారుడు పట్టుకుంది. ఏడో నాడు చచ్చిపోయింది. ఆ ఈతలో గౌరి పాలు కూడా పూటకు 3 లీటర్లు దాటలేదు.

"దిష్టి తగిలింది టీచరమ్మా. ఎవరి కళ్లు పడ్డాయో" అంది పిన్ని.

నేను సాల చూశాను. రేకుల సాల. ఎత్తు తక్కువ. మూడు పక్కలా గోడలు. మధ్యాహ్నం లోపలికి వెళితే నాకే ఊపిరాడలేదు. చూడి గౌరి రెండు నెలలు ఆ రేకుల కిందే ఉంది. దిష్టి కాదు, ఎండ తగిలింది.

కడుపులో దూడ చివరి రెండు నెలల్లోనే బాగా పెరుగుతుంది. సగానికి పైగా బరువు అప్పుడే వస్తుంది. రాబోయే ఈతకు పొదుగు తయారయ్యేది కూడా అప్పుడే. ఆ సమయంలో ఉక్క ఎక్కువైతే ఆవు మేత తగ్గిస్తుంది. ఒంట్లో వేడిని బయటికి పంపడానికి రక్తం చర్మం వైపు పోతుంది. మావికి చేరేది తగ్గుతుంది. మావి ద్వారానే కదా దూడకు తిండి! అందుకే దూడ చిన్నదిగా పుడుతుంది. ముందుగా పుడుతుంది. అలాంటి దూడ ముర్రుపాలు తాగినా, రోగాన్ని ఆపే శక్తిని వాటిలోంచి సరిగా పీల్చుకోలేదు.

మనది సముద్రం దగ్గరి ప్రాంతం. అనకాపల్లిలో ఎండతో పాటు ఉక్కపోత. మన చెమటే ఆరదు. ఆవుకి మనంత చెమట పట్టదు. గేదెకు ఇంకా తక్కువ, పైగా నల్లని తోలు. అందుకే అది చెరువు వెతుక్కుంటుంది. ఒంగోలు ఆవు మన ఎండకు అలవాటు పడిన జాతి. జెర్సీ అనేది ఇంగ్లాండు దగ్గర ఒక దీవి పేరు. అది చల్లని చోటు. ఆ రక్తం ఉన్న ఆవు మన రోహిణీ కార్తెకు ఎలా తట్టుకుంటుంది?

అమెరికాలో ఫ్లోరిడా అనే చోట శాస్త్రవేత్తలు చాలా ఏళ్లు దీన్ని పరీక్షించారు. చూడి ఆవులను రెండు జట్లు చేశారు. రెండింటికీ నీడ ఉంది. ఒక జట్టుకు ఫ్యాన్లు, నీటి జల్లు కూడా పెట్టారు. నీడ మాత్రమే ఉన్న ఆవులకు చిన్న దూడలు పుట్టాయి. 2020లో వాళ్లు ఇంకో లెక్క చెప్పారు. ఆ పెయ్యలు పెరిగి ఈనాక, అవి కూడా రోజుకు 2 కిలోలకు పైగా పాలు తక్కువ ఇచ్చాయట. తల్లికి తగిలిన వేడి బిడ్డ పాలలో కనిపించింది! అక్కడివి పెద్ద ఆవులు. మన ఆవుకి అంత లెక్కే వస్తుందని కాదు. కానీ నీడ ఒక్కటే చాలదని తెలుస్తోంది కదా.

ఇక పిన్ని సంగతి. గౌరికి సూది వేయించినప్పుడు ఇచ్చిన కార్డు చూరులోనే ఉంది. తేదీ ఆగస్టు 20. "అందులో ఏటుందో నాకేటి తెలుసు?" అంది. అప్పటికి ఆమెకు చదవడం రాదు. ఆ ఏడే మన కేంద్రంలో చేరింది.

మళ్లీ సూది వేయించిన తేదీ సెప్టెంబరు 2. ఈసారి కార్డు తనే చదివింది. ఆవు 9 నెలల మీద వారానికి ఈనుతుంది. గేదె 10 నెలల మీద వారానికి. పిన్ని వేళ్ల మీద లెక్కపెట్టింది. జూన్ 9. మళ్లీ ఎండల్లోనే! ఏప్రిల్ 9 నాటికి పాలు తీయడం ఆపేసింది. రెండు నెలల పాల డబ్బులు పోతాయని మామయ్య గొణిగాడు. పిన్ని వినలేదు.

రేకుల మీద తాటికమ్మలు, గడ్డి పరిచింది. గాలి వచ్చే వైపు గోడ తీయించింది. పగలు గౌరిని వేపచెట్టు కింద కట్టింది. గోలెం ఎప్పుడూ నిండుగా ఉంచింది. ఎండాకాలం ఇలాంటి ఆవు రోజుకు 60 లీటర్లకు పైనే తాగుతుంది. అంటే పెద్ద బకెట్లు నాలుగు. మేత తెల్లవారుజామున, రాత్రి చల్లబడ్డాక వేసింది. దాణాలో ఉప్పు, లవణ మిశ్రమం కలిపింది. మధ్యాహ్నం ఒళ్లంతా తడిపేది. ఒక్క మాట. గాలి ఆడని సాలలో నీళ్లు పోస్తే ఉక్క ఇంకా పెరుగుతుంది. గాలి తగిలే చోటే తడపాలి. తడి ఆరాక మళ్లీ తడపాలి.

గౌరి డొక్క ఎగిరేది కూడా లెక్కపెట్టేది. చల్లపూట నిమిషానికి 20, 30 సార్లు ఎగురుతుంది. 60 దాటితే వేడి ఎక్కువైనట్టే. నోరు తెరిచి రొప్పుతూ, చొంగ కారుస్తుంటే ఆలస్యం చేయొద్దు. తడపండి, పశువుల డాక్టరుని పిలవండి. పశువుల అంబులెన్సుకి 1962 నంబరు.

గౌరి జూన్ 8న ఈనింది. దూడ గంటలో లేచి నిలబడింది. బొడ్డుకు అయోడిన్ రాసి, వెంటనే ముర్రుపాలు తాగించారు. దూడ బరువులో పదో వంతు పాలు మొదటి రోజే పట్టాలి. 20 కిలోల దూడకు 2 లీటర్లు. మావి పడేదాకా ఆగకూడదు. మన ఊళ్లో చాలామంది ఆగుతారు, అది తప్పు.

పుట్టింది కోడెదూడ. పెయ్య కాదని పిన్నికి కాస్త బెంగ ఉంది. పాలు మాత్రం మళ్లీ పూటకు 4 లీటర్లు.

లెక్క చెయ్యండి:
ఒక గేదె కార్డు మీద జూలై 10 అని ఉంది. అది ఏ నెలలో, ఏ తేదీకి ఈనుతుంది? పాలు తీయడం ఎప్పుడు ఆపాలి?

మీ పశువు కార్డు రేపు కేంద్రానికి పట్టుకు రండి. తేదీ పలక మీద రాయండి.