ధరలు పడిన కాలమున సంసారపుటప్పు
(పట్టాదారులగు రైతులు తెలిసికొనవలసిన సంగతులు)

రైతు చేయు అప్పు రెండు విధములు. విత్తనములకు, ఎరువులకు, ఎడ్లకు, బావి త్రవ్వుటకు చేసినది సాగు అప్పు. తిండిగింజలకు, బట్టలకు, వైద్యమునకు, పెండ్లికి చేసినది సంసారపుటప్పు. మొదటిది పొలములో పడి, కాలము అనుకూలించినచో పంటరూపమున మరలి వచ్చును. రెండవదాని సొమ్ము ఖర్చుతోనే తీరిపోవును. పత్రము మాత్రము నిలిచియుండును. దానిని తీర్చుటకును పొలమే ఆధారము. కావున ధరలు పడినప్పుడు ఈ అప్పు భూమికి ఎట్లు చేటు తెచ్చునో ప్రతి రైతును ఎఱిగియుండవలెను.

సంసారపుటప్పంతయు దుబారా వలననే కలుగునని కొందఱు తలంతురు. అది సరికాదు. జబ్బు ముహూర్తము చూచి రాదు. వానలు తప్పిన యేట కోతలకు ముందే గాదె ఖాళీ యగును. ఇట్టి అప్పును పూర్తిగా మానుట అందఱికిని సాధ్యము కాదు. దాని కొలత తెలిసి చేయుట మాత్రము సాధ్యమే.

అప్పు పెరుగకయే బరువగుట

ఒక రైతు నూటికి ఏటికి 12 రూపాయల వడ్డీకి 400 రూపాయలు తెచ్చెననుకొందము. నాడు వడ్ల బస్తా 4 రూపాయలు. అసలు 100 బస్తాలకు, ఏటి వడ్డీ 12 బస్తాలకు సమానము. మఱుసటి యేడు బస్తా ధర 2 రూపాయలకు దిగినచో అదే అసలు 200 బస్తాలు, అదే వడ్డీ 24 బస్తాలు అగును. పత్రములో ఒక్క అక్షరమైనను మాఱలేదు. కళ్లములో మాత్రము అప్పు ఇబ్బడి అయినది.

1929 తరువాత జరిగినది

ఇది కాగితపు లెక్క మాత్రమే కాదు. 1929 అక్టోబరులో న్యూయార్కు నగరమున వాటాల విపణి కూలిన పిమ్మట ఆర్థికమాంద్యము లోకమంతట వ్యాపించెను. 1933 నాటికి ఈ దేశమున పంటల ధరలు ఇంచుమించు సగమునకు దిగెను. శిస్తును, వడ్డీయు రొక్కముగ నిర్ణయింపబడినవగుటచే ధరలతోపాటు దిగలేదు. సావుకార్లు క్రొత్త అప్పులు తగ్గించి, పాతబాకీలకై ఒత్తిడి చేసిరి. 1931 సెప్టెంబరులో ఇంగ్లండు బంగారు ప్రమాణమును విడిచిన తరువాత బంగారము ధర రూపాయలలో పెరుగగా, పల్లెలలోని నగలు అమ్ముడై ఓడలెక్కి విదేశములకు పోయెను.

నగల తరువాత పోవునది భూమి. దిగువ బర్మాలోని 13 ముఖ్యమైన వరి జిల్లాలలో 1930లో సాగుభూమియందు నూటికి 6 వంతులు చెట్టియార్ల చేతిలో ఉండెను; 1938 నాటికి అది 25 వంతులయ్యెను. వారు భూమిని కోరి వడ్డీవ్యాపారము చేసినవారు కారు. బాకీ రొక్కముగ రాకపోవుటచే పొలములను తీసికొనిరి. ఋణదాత మంచివాడైనను ధరలు పడినప్పుడు ఫలితము ఇదియే.

సర్కారు, రాయలసీమ జిల్లాలు చేరియున్న మదరాసు రాజధానిలో 1938లో వ్యవసాయదారుల ఋణవిమోచన చట్టము చేయబడెను. 1932 అక్టోబరునకు పూర్వపు అప్పులపై 1937 అక్టోబరు 1 నాటికి నిలిచిన వడ్డీ రద్దయ్యెను. అసలునకు రెట్టింపు చెల్లించినవారి బాకీ తీఱినట్లే ఎంచబడెను. హైదరాబాదు సంస్థానమున 1349 ఫసలీలో వడ్డీవ్యాపారుల చట్టము వచ్చెను. ఇవి గొప్ప మేళ్లే. అయినను మాంద్యము మొదలైన 9, 10 ఏండ్లకు గాని రాలేదు. చట్టము వచ్చుదాక భూమి ఆగవలెను గదా.

వాయిదా మాఫీ కాదు

2020లో కరోనా వ్యాధి వలన పనులు నిలిచినప్పుడు, మార్చి 1 నుండి ఆగస్టు 31 వఱకు కిస్తులను వాయిదా వేయుటకు రిజర్వు బ్యాంకు అనుమతించెను. ఆ 6 నెలలు వడ్డీ నడచుచునే యుండెను. నూటికి ఏటికి 24 వంతున 50,000 రూపాయల అప్పుపై అది 6,000 రూపాయలగును. ఆ కాలపు వడ్డీపై మరల వడ్డీ కూడదని 2021 మార్చిలో సుప్రీము కోర్టు తీర్పు చెప్పెను; వడ్డీ మాత్రము పోలేదు. వాయిదాను మాఫీగా నమ్మి చేతిసొమ్ము ఖర్చు చేసినవానికి తరువాత కష్టము తప్పదు.

రైతులు చేయవలసిన పనులు

1. అప్పు చేయుటకు ముందు దానిని బస్తాలలో లెక్కింపవలెను. ధర సగమైనను ఇంటితిండి పోగా మిగిలిన పంటతో కిస్తు తీఱునా యని చూచుకొనవలెను. తీఱనిచో అప్పును తగ్గింపవలెను.

2. సాగుకై తెచ్చిన సొమ్మును సంసారమునకు వాడరాదు. 2012 నాటి కిసాన్ క్రెడిట్ కార్డు నిబంధనలలో పంటఋణముపై నూటికి 10 వంతులు ఇంటిఖర్చులకును, కోతల తరువాతి ఖర్చులకును చేర్చబడినవి. సావుకారునొద్దకు పోకముందు బ్యాంకులో దీనినిగూర్చి విచారింపవలెను.

3. అప్పునకు హామీగా భూమి విక్రయపత్రమును ఎన్నడును వ్రాసియీయరాదు. మాటపై నమ్మి వ్రాసినది రిజిస్టరైన పిమ్మట మాట నిలువదు.

4. చెల్లించిన ప్రతి పైకమునకు రసీదు పుచ్చుకొనవలెను. బ్యాంకులు 2024 అక్టోబరు నుండి ఇంటిఖర్చుల వంటి సొంత అవసరములకిచ్చు క్రొత్త ఋణములకు ఏటి మొత్తము వడ్డీని, ఇతర ఖర్చులను తెలుపు పత్రమును ఋణగ్రహీతకు తెలిసిన భాషలో ఈయవలసియున్నది. దానిని చదివించుకొనక సంతకము చేయరాదు.

5. పంట చెడినను, ధర పడినను, గడువు దాటకముందే ఋణదాతతో మాటలాడి క్రొత్త గడువు కోరవలెను. ఆ గడువులో వడ్డీ ఎంత నడచునో వ్రాయించుకొనవలెను. పాత బాకీ తీర్చుటకు అంతకంటె ఎక్కువ వడ్డీకి క్రొత్త అప్పు తేరాదు.

6. మంచి ధర పలికిన యేట మొదట సంసారపుటప్పునే తీర్చవలెను. ధర బాగున్ననాడు తక్కువ బస్తాలతో తీఱు బాకీ, ధర పడిననాడు పొలమునే అడుగును.